రెండు గంటల దూరం

హైదరాబాదు పొలిమేర దాటాక, విమానాలు ఎక్కి దిగే మైదానం గోడకు ఇవతల ఒక కుంట ఉంది. పెద్దదేం కాదు. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం అడుగు పగుళ్లు తేలుతుంది. ఆ మధ్యలో ఉన్న చల్లని నెలలే దానికి వైభవం. మంచుకొండల అవతలి నుంచి తలమీద రెండు నల్లచారలున్న బూడిదరంగు బాతులు గుంపుగా వచ్చి దిగుతాయి. పగలంతా గట్టుమీద గడ్డి మేస్తాయి, చీకటి పడితే నీళ్ల నడుమకు పోయి పడుకుంటాయి. ఏటా వచ్చిపోతుండటం వల్ల ఇక్కడి మాట వాటికి బాగానే పట్టుబడింది. మన గడ్డి తిని, మన మాట మాట్లాడి, ఎండ కాస్త చురుక్కుమనగానే లేచిపోతాయి. మూటాముల్లే సర్దుకునే పని కూడా లేదు, అదృష్టవంతులు.

ఏడాది పొడుగునా ఆ కుంటనే నమ్ముకున్నవాళ్లు ఇద్దరు. ఒకరు బుగ్గమ్మ అనే ముసలి బర్రె. నీళ్లలో కూర్చుని నెమరేయడం తప్ప ఆమెకు లోకంతో పని లేదు. ఎవరేం చెప్పినా వింటుంది, ఎవరికీ చెప్పదు. రెండోవాడు గుంటయ్య అనే నక్క. గోడ కింద వాననీళ్లు పోయే తూములో వాడి ఇల్లు. పొద్దు వాలగానే గోడవతల టాక్సీలు ఆగే చోటికి పోయి, డ్రైవర్లు పారేసిన బిర్యానీ బొక్కలు ఏరుకుంటూ వాళ్ల కబుర్లు వింటాడు. దుబాయి, ఢిల్లీ, సింగపూరు, అన్నీ వాడికి తెలుసు. తూము దాటి పది పొలాలు చూసినవాడు కాదు గాని, నోరు విప్పితే దేశాల సంగతే.

బాతుల గుంపుకు ముందుండేవాడు ముందరయ్య. బాతులు వరసకట్టి ఎగురుతాయని అందరూ చూసేదే. ఆ వరసలో మొదటివాడు గాలిని రొమ్ముతో చీల్చుకుంటూ పోతాడు. వెనుకవాళ్లకు ఆ చీలిన గాలి సుఖంగా ఉంటుంది. ముందున్నవాడు కొండలు చూడాలి, నదులు చూడాలి, ఎక్కడ దిగాలో ఎంత దూరం మిగిలిందో చూసుకోవాలి. వెనుకవాళ్లు ముందున్న తోకను చూస్తే చాలు. ముందరయ్య భార్య సన్నాయి. పెళ్లయిన నాటి నుంచీ ఆమె మొగుడి తోక వెనుకే ఎగిరింది. ఎన్నోసార్లు వచ్చిపోయి దారి తెలుసు గాని, ఆ దారి ఎంత పొడుగో ఆమెకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

ఆ ఏడు శివరాత్రి పోయి ఎండలు ముదరకముందే, మేత నుంచి లేస్తూ ముందరయ్య కరెంటు తీగకు కొట్టుకున్నాడు. కుడిరెక్క విరిగి నీళ్లలో పడ్డాడు. ప్రాణం మిగిలింది గాని రెక్క వేలాడిపోయింది. గుంపు నాలుగు రోజులు ఆగింది. అంతకుమించి ఆగడం వాళ్ల కట్టుబాటులో లేదు. ఎండ ముదిరితే మేత ఉండదు, మేత లేకుండా మంచుకొండ దాటలేరు. అందరిలో పెద్దదైన ఈరమ్మ వచ్చి ముందరయ్య మెడను తన మెడతో ఒకసారి నిమిరి, గుంపును లేపుకుని పోయింది. సన్నాయి మాత్రం కదల్లేదు.

"నువ్వూ పోవే," అన్నాడు ముందరయ్య.

"పోను."

"ఎండకాలం ఈడ బతుకవు సన్నాయీ. మన ఒళ్లు చలికి పుట్టిన ఒళ్లు."

"నువ్వెట్ల బతుకుతవో నేనూ గట్లనే బతుకుత," అందామె. తాను బతకడని అతనికి అప్పటికే తెలుసు.

బాతు జంటల్లో ఒక పద్ధతుంది. ఒకరు తల దించి మేస్తుంటే ఇంకొకరు తల ఎత్తి కాపు కాస్తారు. సన్నాయి ఉన్నంతకాలం గుంటయ్య ఆటలు సాగలేదు. వాడు గడ్డిలో పాక్కుంటూ వచ్చేసరికి ఆమె అరుపు అరిచేది, ఇద్దరూ నీళ్లలోకి జారుకునేవాళ్లు. అలా చాలాసార్లు వాడికి నోట్లో ఊరిన నీళ్లు నోట్లోనే ఇంకిపోయాయి. కాని కుంట రోజురోజుకూ కుంచించుకుపోతోంది. ముందరయ్య తినేది తగ్గింది. సన్నాయి రొమ్ము కూడా సన్నబడింది. రాత్రంతా కాపు కాసి పగలు కళ్లు మూతలు పడుతుంటే, తల విదిలించుకుని మళ్లీ నిలబడేది.

ఒకనాటి పొద్దున గుంటయ్య దాక్కోకుండా, గట్టుమీద అందరికీ కనపడేలా వచ్చి కూర్చున్నాడు.

"ఏం చెల్లె, ఇంక ఈడనే ఉన్నరా? మీవోళ్లంత పాయె గద!"

"ఆడ్నే ఉండి మాట్లాడు గుంటయ్యా. అడుగు ముందుకెయ్యకు."

"ఏస్తలేను తల్లీ. బావ రెక్క ఎట్లుందో అడుగుదామని వచ్చిన."

"చూసినవ్ గద. ఇంక పో."

"పోత గని, ఒక్క మాట విను. మీ గుంపు ఇంక కొండ దాటలే. ఢిల్లీల యమున ఒడ్డున దిగి ఆడ్నే ఉన్నరట. నిన్న ఢిల్లీకెల్లి దిగినోళ్లు టాక్సీ ఎక్కుకుంట చెప్పుకుంటుండ్రు. నది నిండ చారల తలకాయల బాతులేనట, ఫొటోలు గూడ తీసుకున్నరు."

అది నమ్మదగిన మాటే. కొండమీది మంచు కాస్త మెత్తబడేదాకా గుంపు యమున ఒడ్డున మేస్తూ ఆగడం ఏటా ఉన్నదే. సన్నాయి మెడ సాచింది.

"ఉంటే?"

"ఉంటే ఏందే? పోయి చెప్పు, బావ రెక్క అతుక్కునేదాక ఆగుమని. నలుగురు జవాన్లు తోడొచ్చి, నడిమిట్ల ఎత్తి పట్టుకుని, మెల్లగ ఒక్కో నీళ్లకాడ దించుకుంట తీస్కపోతరు. పొద్దుగాల పోతే పొద్దుమూకకముందే వస్తవ్. ఢిల్లీ ఎంత దూరం? రెండు గంటలు!"

"రెండు గంటలంటే?"

"అయ్యో, గంట గూడ తెల్వదా! బుగ్గమ్మ ఒక్కపాలి మేసొచ్చి నెమరేసి లేచేంత సేపు. నా మాట వద్దు, గోడవతల ఎవ్వర్నన్న అడుగు. ఢిల్లీ ఎంత దూరమంటే రెండు గంటలంటరు. పొద్దుగాల ఈడ ఇడ్లీ తిని, ఆడ పని చూస్కొని, రాత్రికి ఇంటికొచ్చి పండుకునేటోళ్లున్నరు. రెక్కల్లేని మనుషులే ఎగిరిపోయి వస్తుంటే, రెక్కలతోటి పుట్టినదానివి నీకు అదొక దూరమా?"

వాడి కడుపులో ఏముందో సన్నాయికి తెలియనిది కాదు. కాపు లేని ముందరయ్యను ఎలాగైనా అందుకోవచ్చు. రెక్కలు పడిపోయి సాయంత్రం గట్టుమీద వాలిన సన్నాయిని అందుకోవడం ఇంకా సులువు. ఒక్క మాటతో రెండు పూటల భోజనం. అంతా తెలిసే ఆమె నక్కను వదిలేసి మొగుడి దగ్గరికి ఈదుకుంటూ పోయింది. నక్క మాటకు విలువ లేదు గాని, గుంపుకు ముందు ఎగిరినవాడి మాటకు ఉంది.

"ఏందయ్యా, వాడు చెప్పేది నిజమేనా? యమున గంత దగ్గరా?"

ముందరయ్య గోడవైపు చూశాడు. అప్పుడే ఒక విమానం లేచి, కుంటమీద నీడ పరిచి, ఉత్తరానికి తిరిగి చిన్నదైపోయింది. అది కనుమరుగయ్యేదాకా అతను దాని మీంచి కళ్లు తిప్పలేదు. నీళ్లలో బుగ్గమ్మ నెమరేయడం ఆపింది.

"నిజమే," అన్నాడు ముందరయ్య. "రెండు గంటలే."

"మరి వచ్చేటప్పుడు ఎన్నో పొద్దులు పట్టె గద!"

"గుంపుతోటి వచ్చినం గద. పిల్లలుండిరి, ముసలోళ్లుండిరి. ప్రతి నీళ్లకాడ దిగుకుంట, మేసుకుంట వచ్చినం. ఒక్కదానివి పోతే ఎంతసేపు? నా వెనుక ఎగిరి ఎగిరి నీ రెక్కల బలం నీకే తెల్వదు."

సన్నాయి ముఖం విప్పారింది. ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. మొగుడు బతికే దారి. తాను పోయి చెప్తే ఈరమ్మ కాదనదు. ఆ ఆశ పుట్టాక ఇంకేదీ ఆలోచించే తీరిక ఆమెకు లేదు, పాపం.

"అయితే రేపు పొద్దుగాలనే పోత. నువ్వు నీళ్లలకెల్లి బయటికి రాకు. ఒక్క పొద్దు ఉపాసముంటవా?"

"ఉంట."

"వాడు ఏం చెప్పినా వినకు."

"వినను. నువ్వు నా మాట విను. మూడు పెద్ద నదులు దాటాలె, నాలుగోది యమున. నీకు తెలిసిందే. గాలి ఎదురైతే జర ఎక్కువసేపు పట్టొచ్చు. ఎంత పట్టినా సగంల మర్లకు. సగంల మర్లితే అటు గాకుంట ఇటు గాకుంట పోతవ్. ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

మర్నాడు తెల్లవారగానే ఆమె గట్టుమీద దొరికిన లేతగడ్డి వేళ్లు ముక్కుతో తెచ్చి అతని ముందు కుప్ప పోసింది. వేలాడే రెక్కలోని ఈకలు ఒక్కొక్కటే సరిచేసింది. తర్వాత పరుగెత్తి లేచింది. కుంటమీద ఒక చుట్టు తిరుగుతుంటే కింది నుంచి అతను పిలిచాడు.

"సన్నాయీ!"

"ఏందయ్యా?"

"ఏం లేదు. ఎత్తుమీద పో. కింద ఎండ కొడ్తది."

ఆమె ఉత్తరానికి తిరిగింది.

మొదట్లో ఉత్సాహంగానే ఉంది. ఆ తర్వాత గాలి రొమ్ముకు తగలడం మొదలైంది. ముందు తోక లేదు. చీలిన గాలి లేదు. ప్రతి రెక్క ఊపుకూ తానే దారి చేసుకోవాలి. ఇన్నేళ్లూ ఈ బరువంతా అతను మోశాడా అని మొదటిసారి ఆమెకు అనిపించింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. బుగ్గమ్మ ఈపాటికి మేసొచ్చి, నెమరేసి, లేచి, మళ్లీ కూర్చుని ఉంటుంది. కింద ఒక పెద్ద నది కనపడింది. ఒడ్డున ఒక కొంగ ఒంటికాలిమీద నిలబడి చేపకోసం చూస్తోంది. సన్నాయి ఇసుకలో వాలింది. వాలడం కాదు, పడింది.

"అన్నా, ఇది ఇంక మొదటి నదేనా?"

కొంగ మెడ తిప్పి చూసింది. "మొదటిదే చెల్లె. ఇది గోదారి."

"ఢిల్లీ ఇంక ఎంత దూరం?"

"ఒక్కదానివే పోతున్నవా?" అని కొంగ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "ఇయ్యాల రాత్రి, రేపు పొద్దు, రేపు రాత్రి. గాలి మంచిగుంటే ఎల్లుండి పొద్దుగాలకు చేరుతవ్. నడిమిట్ల నాలుగుచోట్ల దిగాలె. దిగకపోతే పడిపోతవ్."

"రెండు గంటలే అన్నరు!"

సరిగ్గా అప్పుడే పైన, మబ్బులకంటే ఎత్తుమీద, ఒక విమానం తెల్లగీత గీసుకుంటూ ఉత్తరానికి పోయింది. కొంగ ముక్కుతో దాన్ని చూపించింది.

"రెండు గంటలు దానికి. దూరం అదే, గని అది అలిసిపోదు. దానికి ఆకలి లేదు, రొమ్ముల గుండె లేదు. దాని గంటలు పట్టుకొని నువ్వెట్ల లేచినవే పిచ్చిదానా?"

సన్నాయి ఒక్క ఉదుటున లేచి దక్షిణానికి తిరిగింది. ఆమెకు కుంట తప్ప ఇంకేమీ కనపడలేదు. ఎండలో తగ్గిపోతున్న నీళ్లు, గట్టుమీద నక్క, తల ఎత్తి కాసేవాళ్లు లేని తన మొగుడు. నాలుగు రెక్కలు కొట్టిందో లేదో అతని మాట చెవిలో పడింది. ఎంత పట్టినా సగంల మర్లకు.

ఎంత పట్టినా అన్నాడు. రెండు గంటల దూరానికి ఆ మాట ఎందుకు?

ఆమె మళ్లీ ఇసుకలో దిగింది. మెల్లగా అన్నీ అర్థమయ్యాయి. గుంటయ్య తెలియక చెప్పాడు. గోడవతల విన్నది విన్నట్టు నమ్మి, సాయంత్రానికి ఆమె తిరిగొస్తుందనే చెప్పాడు. ముందరయ్యకు మాత్రం గోదారి ఎక్కడో తెలుసు, యమున ఎక్కడో తెలుసు, ఒంటరి రెక్కకు ఆ దూరం ఎంతో అన్నీ తెలుసు. తెలిసే నక్క మాటను తన మాట చేసుకున్నాడు. పొమ్మంటే పోనిదాన్ని సాయంత్రానికి తిరిగొస్తావని నమ్మించి పంపాడు.

అక్కడ ఆమె ఏడ్చిన ఏడుపు విని కొంగ చేపను వదిలేసి దూరంగా పోయి నిలబడింది.

"మర్లిపోత," అంది సన్నాయి.

"పో. పోతే ఏమైతది?" అంది కొంగ, ఈసారి మెత్తగా. "చీకటి పడంగ చేరుతవ్. రెక్క ఎత్తే బలం ఉండదు. గట్టుమీద ఎవడన్న కూసోని ఉన్నడా?"

ఉన్నాడు. సన్నాయి ఉత్తరానికి చూసింది. ఆమెలో ఇంకా ఒక చిన్న ఆశ మిగిలి ఉంది. గుంపు దగ్గరికి చేరితే, జరిగింది చెప్తే, బలమైనవాళ్లు నలుగురు తిరిగొస్తారు. ఒంటరిగా వెనక్కి పోతే ఇద్దరు చస్తారు, నలుగురితో పోతే ఒకరైనా బతుకుతారు. అలా తనకు తాను సర్దిచెప్పుకుని మళ్లీ ఉత్తరానికే లేచింది. ఆ సర్దుబాటులో నిజమెంతో ఆమెకూ తెలుసు.

కొంగ చెప్పినట్టే, మూడో పొద్దున ఢిల్లీ పొగలో యమున కనపడింది. బురదగట్టున గుంపంతా ఉంది. సన్నాయి దిగుతూనే అరిచింది.

"ఆగుండ్రి! ఆయన బతికే ఉన్నడు! నలుగురు నాతోటి రాండ్రి!"

అందరూ చుట్టూ మూగారు. ఈరమ్మ ముందుకొచ్చింది. సన్నాయి రొమ్ము ఎముక తేలి ఉంది, రెక్కల అంచులు చిరిగిపోయి ఉన్నాయి. ఈరమ్మ కళ్లు అవన్నీ చూశాయి.

"ఎట్ల వచ్చినవే ఒక్కదానివి?"

"రెండు గంటలే అని గుంటయ్య చెప్పిండు. ఆయన గూడ నిజమే అన్నడు."

గుంపులో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లందరూ ముందరయ్య వెనుక ఎగిరినవాళ్లే, అతని లెక్క తప్పదని తెలిసినవాళ్లే.

"ఆయనకు తెల్వక అన్నడనుకుంటున్నవా?" అంది ఈరమ్మ.

"లేదవ్వా. గోదారి కాడ్నే నాకు సమజైంది. అయినా వచ్చిన, మీరు వస్తరని."

ఈరమ్మ నది వైపు చూసింది. "రాలేం బిడ్డా. నలుగుర్ని పంపితే నలుగురు ఆడ్నే ఉంటరు. దక్షిణాన ఎండ కాలబెడుతుంటది. వీళ్లను ఆడికి పంపుతనని ఆయనకు తెలిస్తే నన్ను క్షమిస్తడా? మమ్ముల ఆపమని గాదు ఆయన నిన్ను పంపింది. నిన్ను మాకు అప్పజెప్పిండు."

"నాకు వద్దవ్వా ఈ బతుకు," అంది సన్నాయి. మర్నాడు ఎవరికీ చెప్పకుండా దక్షిణానికి లేవబోయింది. రెక్కలు ఆడలేదు. రెండుసార్లు బురదలో బోర్లా పడింది. మూడోసారి పడ్డప్పుడు ఈరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సన్నాయి తిని, నిద్రపోయి, కాస్త బలం తెచ్చుకున్నాక గుంపు లేచింది. ఈరమ్మ ఆమెను తన తోక వెనుకే పెట్టుకుంది. ఎదురుగాలికీ చలికీ ఓర్చుకుంటూ వాళ్లు మంచుకొండ దాటారు. అవతలి ఆకుపచ్చ నీళ్లలో అందరూ దిగి సంతోషంగా అరుస్తుంటే సన్నాయి ఒక్కతే దూరంగా పోయి కూర్చుంది.

మళ్లీ చలికాలం వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఈరమ్మ సన్నాయిని వరసకు ముందు నిలబెట్టింది. గుంపులో ఒంటరిగా ఆ దారి కొలిచినది ఆమె ఒక్కతే. ఆమె గాలిని చీల్చుకుంటూ వచ్చింది, ఏ నీళ్లకూ ఏ నీళ్లకూ నడుమ ఎంత దూరమో తప్పకుండా చూసుకుంది. గోడ పక్కన కుంట కనపడగానే మాత్రం ఆమె వరసను వదిలేసి ముందుగా కిందికి దిగింది.

కుంట నిండుగా ఉంది. నడుమ బుగ్గమ్మ కూర్చుని ఉంది, ఇంకా ముసలిదై.

"వచ్చినవా బిడ్డా?"

"వచ్చిన అక్కా. ఆయన ఏడి?"

ఎవరికీ ఏమీ చెప్పని బుగ్గమ్మ ఆరోజు చెప్పింది.

"నువ్వు పోయిన పొద్దే గుంటయ్య నీళ్ల అంచుకు వచ్చిండు. ముందరయ్య వానికి ఏం జెప్పిండో తెలుసా? 'నన్ను ఇప్పుడు తింటే నా ఈకలు పైకెల్లి కనబడ్తయ్. సన్నాయి దిగదు. అది దిగేదాక నన్ను ఉండనియ్యి, నీకు ఇద్దరం దొరుకుతం' అన్నడు. గుంటయ్య ఆశకు హద్దుందా? సరే అని గట్టుమీద కూసున్నడు. పొద్దుమూకె, నువ్వు రాకపోతివి. 'ఏది, రెండు గంటలేనాయె?' అన్నడు. 'గాలి ఎదురుంది' అన్నడు ఈయన. తెల్లారి మళ్ల అడిగిండు. 'ఢిల్లీల గాలిదుమారమంట, నీ విమానాలు ఆలస్యమైతలేవా?' అన్నడు ఈయన. గోడవతలికి పోయి వినొచ్చిండు వాడు. నిజంగనే ఆలస్యమైనయట! అట్ల రోజూ ఒక సాకు చెప్పుకుంట పోయిండు బిడ్డా. వాడు కుక్కలొస్తే తరుముడు, గద్ద దిగితే అరుసుడు. నీ మొగునికి నక్క కావలి కాసింది."

సన్నాయికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే తెగిపోయింది.

"పొద్దుగాల లేస్తే నన్ను అడిగేటోడు. నన్ను అడుగుడు కాదు, తనకు తనే చెప్పుకునుడు. 'ఇయ్యాల గోదారి దాటి ఉంటది అక్కా. ఏడ్చి ఉంటది. మర్లలేదు, మర్లితే ఈపాటికి వచ్చేది.' ఇంకొక పొద్దు, 'యమున చేరింది. ఈరమ్మ దాన్ని విడువదు.' నీళ్లు ఇంకిపోయినయ్. ఆయన బురదల కూసున్నడు. తినుడు బందు పెట్టిండు. ఆఖరికి ఒక పున్నమినాడు, 'ఇయ్యాల కొండ దాటింది అక్కా, ఇంక మర్లి వచ్చుడు దానితోటి కాదు' అని గుంటయ్యను పిలిచిండు."

"ఎందుకు పిలిచిండు?"

"నిజం చెప్పేటందుకు. 'గుంటయ్యా, నీ రెండు గంటలు ఇనుప రెక్కలయి. మా రెక్కలకు అది ఎన్నో పొద్దుల దారి. అది ఇంక రాదు' అన్నడు. వాడు మీద పడ్డడు. అప్పటికే ఆయన ఒంట్ల మాంసం లేదు బిడ్డా. రెండు బుక్కలకు బొక్కలు తగిలినయ్."

సన్నాయి ఉత్తరానికి తల తిప్పింది. కొండ దాటిన రోజు ఆమెకు గుర్తుంది, ఆ రాత్రి నిండు పున్నమి. అతని లెక్క తప్పలేదు. ఎప్పుడూ తప్పేది కాదు.

గట్టుమీద అలికిడైంది. గుంటయ్య. చర్మం వేలాడుతోంది, తోకలో వెంట్రుకలు రాలిపోయాయి. ఎండకాలమంతా ఎదురుచూస్తూ టాక్సీల దగ్గరికి పోవడం మానేశాడేమో, ఆ చోటును ఊరకుక్కలు ఆక్రమించుకున్నాయి. వాడు సన్నాయిని గుర్తుపట్టి, భయపడినట్టూ తప్పు తనది కాదన్నట్టూ గొణిగాడు.

"చెల్లె, నేను అబద్ధం చెప్పలే. రెండు గంటలే అన్నరు వాళ్లు. నేను నిజమనుకునే చెప్పిన."

"తెలుసు గుంటయ్యా," అంది సన్నాయి. "నువ్వు నిజమనుకునే చెప్పినవ్. అబద్ధమని తెలిసి చెప్పినోడు నా మొగుడు."

తాను పోని దారి దూరం చెప్పబోయినవాడు తన మాటకే చిక్కుతాడు. పోయినవాడు ఆ దూరాన్ని తన గుండెలోనే ఉంచుకుని తనవాళ్లను దాటిస్తాడు.